బొమ్మల పుస్తకాలకు రెండు వేలా? అన్న అడిగిన ప్రశ్నకు మా జవాబు



మన ఊరి చదువుల గది కోసం గ్రూపులో పోగైన డబ్బుల లెక్క పోయిన నెల పెట్టాం కదా. మొత్తం 11,400 రూపాయలు. అందులో 2,150 రూపాయల దగ్గర "సూపర్ హీరో కామిక్స్ సంపుటాలు, 4" అని రాశాం. ఆ ఒక్క లైను మీద జరిగినంత గొడవ ఈ మధ్య దేని మీదా జరగలేదు. ఒక సీనియర్ అన్న సూటిగానే అడిగారు. "డీఎస్సీ మెటీరియల్ లేదు, గ్రూప్స్ బుక్కులు మూడేళ్ల కిందటివి, పిల్లలకు సరైన డిక్షనరీ కూడా లేదు. బొమ్మల పుస్తకాలకు రెండు వేలా?"

అన్న అడిగింది తప్పు కాదు. ఆ డబ్బుల్లో ఉపాధి కూలీ డబ్బులున్నాయి, తునికాకు డబ్బులున్నాయి, స్కాలర్‌షిప్ వచ్చిన రోజే వంద పంపిన చెల్లెళ్లున్నారు. కొనే ముందు గ్రూపులో అడగాల్సింది. అడగలేదు. అది మా తప్పే, ఒప్పుకుంటున్నాం. కానీ ఆ పుస్తకాలు కొనడమే తప్పని మాత్రం మేము అనుకోవట్లేదు. ఎందుకో చెప్పడానికే ఈ పోస్టు. పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు అసలు అవేంటో చెప్తాం. సూపర్ మ్యాన్, స్పైడర్ మ్యాన్, బ్లాక్ పాంథర్ అంటే మనకు సినిమాలే గుర్తొస్తాయి. అమెరికాలో అవి మొదట నెలనెలా వచ్చే పల్చటి పుస్తకాలు. ఇరవై పేజీల కథ, మధ్యలో యాడ్స్, రెండు పిన్నులు, అంతే. 1938లో సూపర్ మ్యాన్ మొదటిసారి కనిపించిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక ధర 10 సెంట్లు. పిల్లలు చదివేవాళ్లు, చేతులు మార్చుకునేవాళ్లు, చినిగిపోతే పారేసేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పాత కాగితాల సేకరణ జరిగితే అందులో కట్టలకు కట్టలు పోయాయి. షాపుల్లో అమ్ముడుపోని సంచికల అట్ట చింపి వెనక్కి పంపితే డబ్బులిచ్చేవాళ్లు, మిగతా పుస్తకం చెత్తబుట్టలోకి. అంటే దాచుకోవాల్సిన వస్తువు అని తయారు చేసినవాళ్లే అనుకోలేదు. అందుకే ఆ పది సెంట్ల సంచిక మంచి కాపీ ఒకటి 2024లో వేలంలో 60 లక్షల డాలర్లకు పోయింది.

ఈ పల్చటి పుస్తకాలను వరుసలో పెట్టి, అయిదారు సంచికలు కలిపి, గట్టి అట్ట వేసి ఒక పుస్తకంగా తెస్తే అదే సంపుటి. 1986లో బ్యాట్ మ్యాన్ 'డార్క్ నైట్ రిటర్న్స్' నాలుగు భాగాలుగా వచ్చింది. 1986, 87ల్లో 'వాచ్‌మెన్' పన్నెండు భాగాలుగా వచ్చింది. రెండింటినీ పుస్తకాలుగా కలిపి తెచ్చారు. కామిక్స్ షాపుల నుంచి మామూలు బుక్ షాపుల్లోకి అవి పోయాయి. 1987లో మార్వెల్ వాళ్లు పాత కథలను 'మాస్టర్ వర్క్స్' పేరుతో గట్టి అట్టల్లో తేవడం మొదలుపెట్టారు. 1989లో డీసీ వాళ్లు 'ఆర్కైవ్స్' పేరుతో అదే పని చేశారు. తర్వాత డబ్బుల్లేని పాఠకుల కోసం 'ఎసెన్షియల్' అని ఇంకో రకం వచ్చింది. రంగుల్లేవు, న్యూస్‌ప్రింట్ లాంటి కాగితం, దగ్గర దగ్గర 500 పేజీలు, పాతిక సంచికల కథ ఒక్కచోట. ఇప్పుడైతే వెయ్యి పేజీల 'ఆమ్నిబస్'లు కూడా ఉన్నాయి. చేతిలో పట్టుకుంటే ఇటుక పట్టుకున్నట్టే. ఇక్కడ కొత్తది కొనాలంటే వేలల్లోనే. మేము కొన్నవి హైదరాబాద్‌లో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన పాతవి. ఒకదానికి అట్ట కూడా లేదు.

సంపుటాలంటే ఎందుకు అంత మోజు అని అడిగితే, ప్రపంచమంతా చెప్పే జవాబులు కొన్ని ఉన్నాయి. వచ్చే నెల దాకా ఆగక్కర్లేదు. మధ్యలో యాడ్స్ ఉండవు. ర్యాకులో పెడితే వెన్ను మీద పేరు, నంబరు కనిపిస్తూ అందంగా ఉంటుంది. పాత సంచిక లక్షలు పలికితే అదే కథ మామూలు ధరకే చదువుకోవచ్చు. ఇవన్నీ నిజమే. తెలుగు ఇళ్లలో కూడా ఈ అలవాటు కొత్త కాదు. వారపత్రికల్లో సీరియల్ వస్తుంటే వారం వారం ఆ పేజీలు చింపి దాచి, అయిపోయాక బైండింగ్ చేయించుకున్నవాళ్లు ఎంతోమంది. చందమామలు ఏడాదికో కట్టగా బైండు చేయించి దాచుకున్న ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ బైండు పుస్తకం అరువు ఇవ్వడానికి కూడా ఒప్పుకోరు.

కానీ మాకు ఇంకో కారణం ఉంది. అది చెప్తే మీలో చాలామందికి వెంటనే తెలుస్తుంది.

మనం హాస్టల్లో పెరిగిన పిల్లలం. మనకు ఏదీ పూర్తిగా దొరకలేదు. ఆదివారం టీవీలో సినిమా ఇంటర్వెల్ దాటేసరికి కరెంటు పోయేది, లేకపోతే వార్డెన్ సార్ వచ్చి కట్టేసేవారు. హీరో అన్నను చంపిందెవరో మాకు తెలిసింది డిగ్రీలో, యూట్యూబ్‌లో చూసినప్పుడు. లైబ్రరీ అని ఒక బీరువా ఉండేది. అందులో చందమామలకు మొదటి పేజీలుంటే చివరి పేజీలుండవు. బేతాళుడు ప్రశ్న అడుగుతాడు, విక్రమార్కుడి జవాబు ఉన్న పేజీ ఎవరో చింపేశారు. లెక్కల సార్ దసరా దాకా ఉండి బదిలీ అయిపోతే మిగతా సిలబస్ మార్చి దాకా రాలేదు. మేము ఎనిమిదో తరగతి వరకు "తరువాయి భాగం వచ్చే సంచికలో" అనే మాటను కథ అయిపోయింది అనే అర్థంలోనే చదివాం. మాకు ఆ వచ్చే సంచిక ఎప్పుడూ రాలేదు మరి.

అలాంటి మా చేతికి డిగ్రీలో ఉన్నప్పుడు ఒక ఫ్రెండ్ గదిలో మొదటిసారి ఒక సంపుటి దొరికింది. మొదటి సంచిక నుంచి చివరి సంచిక దాకా వరుసగా ఉంది. ఒక్క పేజీ తక్కువ కాలేదు. హీరో ఎగరడం, విలన్‌ను కొట్టడం కాదు మమ్మల్ని పట్టుకున్నది. కథ మొత్తం మా చేతిలో ఉందన్న ధైర్యం. రాత్రి రెండింటి దాకా చదివి, మూసి, మళ్లీ మొదటి పేజీ తీశాం. చిన్న విషయమే. కానీ మాకు అప్పటిదాకా అలా జరగలేదు.

ఇది ఒక్క సంతోషం గురించే అయితే అన్న అడిగినదానికి జవాబు కాదు. సంతోషానికి ఎవరి డబ్బులు వాళ్లు పెట్టుకోవచ్చు, గ్రూపు డబ్బులెందుకు? మేము చెప్పేదేంటంటే, కథ మొత్తం ఒక్కచోట ఉంటేనే ఆ కథ మనల్ని ఏం చేసిందో లెక్క కట్టగలం. ముక్కలుగా చదివినవాడు మెచ్చుకుంటాడు. మొత్తం చదివినవాడు ప్రశ్న అడుగుతాడు. రెండు ఉదాహరణలు చెప్తాం, రెండూ మన ర్యాకులో ఉన్నవే.

మొదటిది ఎక్స్-మెన్. అట్ట లేని పుస్తకం అన్నాం కదా, అదే. 1975లో ఎక్స్-మెన్ కొత్త జట్టు కట్టారు. జట్టులో ఒక జర్మన్, ఒక రష్యన్, ఒక కెనడా వాడు, కెన్యా నుంచి వచ్చిన స్టార్మ్. వాళ్లతోపాటు జాన్ ప్రౌడ్‌స్టార్ అనే అపాచీ కుర్రాడు, పేరు థండర్‌బర్డ్. అమెరికా ఆదివాసీ. బలం ఉంది, పరుగు ఉంది, పొగరు కూడా ఉంది. చూడగానే "మనోడు" అనిపిస్తాడు. జట్టులో చేరిన అదే ఏడాది, రెండో పోరాటంలోనే చనిపోతాడు. విలన్ పారిపోతున్న విమానం మీదకు దూకి, దిగమని ఎంత చెప్పినా వినకుండా పేలిపోతాడు. ఆ రోజుల్లో నెలలకు నెలలు ఆగి చదివినవాళ్లకు అది ఒక షాక్, ఒక త్యాగం. ఇప్పుడు సంపుటిలో చదివితే వంద పేజీలు తిరగకముందే మనోడు రావడం, పోవడం రెండూ అయిపోతాయి. పైన చెప్పిన మిగతా నలుగురూ పుస్తకం చివరి దాకా ఉన్నారు. జట్టులో ఎవరో ఒకరు చావాలి అన్నప్పుడు ఎవరిని ఎంచుకున్నారు? ఆయన పేరుతో ఒక ప్రత్యేక సంచిక రావడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ లెక్క విడి సంచికలో కనపడదు, సంపుటిలో దాగదు.

రెండోది బ్లాక్ పాంథర్. 2018 సినిమా మనలో చాలామంది చూశాం, వకాండాను చూసి మన అడవుల్ని ఊహించుకున్నాం. పాంథర్ మొదట 1966లో 'ఫెంటాస్టిక్ ఫోర్' 52వ సంచికలో అతిథిగా వచ్చాడు. తనకంటూ పెద్ద కథ దొరికింది 1973లో, 'జంగిల్ యాక్షన్' అనే పుస్తకంలో. ఆ పుస్తకం పేరు చూడండి. అంతకు ముందు అందులో వేసింది 1950ల నాటి పాత కథలు, ఆఫ్రికా అడవుల్లో తెల్ల హీరోలు, తెల్ల హీరోయిన్లు నల్లవాళ్లను కాపాడే కథలు. డాన్ మెక్‌గ్రెగర్ అనే కుర్రాడు అక్కడ ప్రూఫులు దిద్దేవాడు. ఆఫ్రికాలో జరిగే కథలకు తెల్ల హీరోలేంటని అతనే అడిగాడు. చివరికి ఆ పుస్తకం అతనికే అప్పగించారు. అతను రాసిన 'పాంథర్స్ రేజ్' రెండేళ్లకు పైగా, రెండు నెలలకొక సంచిక చొప్పున, పదమూడు సంచికలు నడిచింది. దాదాపు అన్ని పాత్రలూ నల్లవాళ్లే. సినిమాలో మనకు నచ్చిన కిల్‌మంగర్ పుట్టింది అక్కడే. తర్వాత పాంథర్ అమెరికా పోయి కూ క్లక్స్ క్లాన్‌తో తలపడే కథ మొదలైంది. అది పూర్తి కాకముందే 1976లో పుస్తకం ఆపేశారు. మన దగ్గరున్న సంపుటిలో ఇదంతా ఉంది. చివరి కథ సగంలో ఆగిపోవడం కూడా అలాగే ఉంది. మెక్‌గ్రెగర్ లాంటి ఒక్కడు అడిగితే ఎంత మారుతుందో, అమ్మకాల లెక్క చూసుకునే కంపెనీ ఎక్కడ ఆపేస్తుందో, రెండూ ఒకే పుస్తకంలో కనిపిస్తాయి. సినిమా ఇది చూపించదు.

"అవి మనవి కావు, అమెరికా వాళ్లవి" అని ఇంకో అక్క రాశారు. నిజమే అక్కా. ఇంకా చెప్పాలంటే కొన్ని మనకు వ్యతిరేకమైనవి కూడా. 1936లో మొదలైన ఫాంటమ్‌ను తీసుకోండి. అడవిలో ఒక తెల్ల ముసుగు వీరుడు, తండ్రి తర్వాత కొడుకు, తరతరాలుగా. చుట్టూ ఉన్న తెగలన్నీ ఆయన్ను దేవుడిలా చూస్తాయి, తగువులు ఆయనే తీరుస్తాడు. మన అడవిలో మన తగువు తీర్చడానికి మన పెద్దమనుషులు లేరా? కానీ ఇక్కడే ఒక తమాషా ఉంది. పాపువా న్యూగినీ కొండల్లో వాగీ లోయలో ఉండే ఆదివాసీలు అదే ఫాంటమ్ బొమ్మను తమ యుద్ధపు డాళ్ల మీద గీసుకున్నారు. చావులేని వీరుడు కాబట్టి మా డాలు మీద ఉండాలి అని. బొమ్మ గీసినవాడు అనుకున్నది ఒకటి, దాన్ని తీసుకున్నవాళ్లు వాడుకున్నది ఇంకొకటి. చదవనివ్వకపోతే పిల్లలు ఎలాగూ ఫోన్‌లో చూస్తారు. చదవనిచ్చి, మొత్తం చదవనిచ్చి, ఇదేంటి ఇలా ఉంది అని అడిగేలా చేయడం మంచిది కదా.

మిగతా రెండు పుస్తకాలు కూడా ఊరికే తీసుకోలేదు. 'మిస్ మార్వెల్' మొదటి సంపుటిలో కమలా ఖాన్ అనే పాకిస్తానీ కుటుంబపు అమ్మాయి హీరో. 2014లో మొదలైంది. మొదటి అయిదు సంచికలు కలిపిన పుస్తకానికి 2015లో హ్యూగో అవార్డు వచ్చింది. ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష, రెండింటి మధ్య నలిగే అమ్మాయి. 'సూపర్‌మ్యాన్ స్మాషెస్ ద క్లాన్' 2020లో పుస్తకంగా వచ్చింది, రాసింది జీన్ లుయెన్ యాంగ్. చైనా నుంచి వచ్చిన ఒక కుటుంబం కొత్త వీధిలోకి మారితే క్లాన్ వాళ్లు వెంటపడతారు. అందులో సూపర్ మ్యాన్ కూడా తాను పరాయివాడినని బయటపడుతుందేమో అన్న భయంతో సగం శక్తి దాచుకుని ఉంటాడు. ఎగరగలిగి కూడా పరిగెత్తుతాడు. హాస్టల్లో మన భాష మాట్లాడితే నవ్వుతారని నోరు మూసుకున్న పిల్లలకు ఇది వివరించి చెప్పక్కర్లేదు.

ఇంగ్లీష్ కష్టం అన్నారు. కష్టమే. కానీ బొమ్మ సగం అర్థం చెప్తుంది, బుడగలో ఉండేది ఒకటి రెండు వాక్యాలే. స్పోకెన్ ఇంగ్లీష్ పుస్తకం మన ర్యాకులో మూడేళ్లుగా ఉంది, పదో పేజీ తర్వాత ఇంకా కొత్తగానే ఉంది. ఈ నాలుగూ రెండు వారాల్లో నలిగిపోయాయి. అన్న అడిగిన డిక్షనరీ ఇప్పుడు నిజంగా కావాలి. "ఇన్విన్సిబుల్ అంటే ఏంటన్నా?" అని పిల్లలు అడుగుతున్నారు మరి.

సంపుటాల గురించి ఇంకో మాట చెప్పకపోతే మేము సగమే చెప్పినట్టు. కథలను కుట్టి పుస్తకం చేసేవాడి చేతిలోనే హక్కు కూడా ఉంటుంది. సూపర్ మ్యాన్‌ను పుట్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లకు ఆ మొదటి కథకు, హక్కులతో సహా, ముట్టింది 130 డాలర్లు. కంపెనీ కోట్లు సంపాదించింది, వాళ్ల పేర్లు కూడా తీసేసింది. ముసలితనంలో వాళ్ల దుస్థితి పేపర్లకెక్కాక, 1975 చివర్లో ఏడాదికి చెరో 20,000 డాలర్ల పెన్షన్ ఇవ్వడానికి, పేర్లు మళ్లీ వేయడానికి కంపెనీ ఒప్పుకుంది. 'వాచ్‌మెన్' కథ ఇంకా విచిత్రం. అచ్చు వేయడం ఆగిపోతే హక్కులు రాసినవాళ్లకు తిరిగి వస్తాయని ఒప్పందం. అప్పట్లో కామిక్ అంటే కొన్నాళ్లకు ఆగిపోయేదే కాబట్టి అది మంచి ఒప్పందం అనిపించింది. కానీ అది సంపుటిగా వచ్చాక ఎప్పుడూ అచ్చు ఆగలేదు. హక్కులు ఎప్పటికీ తిరిగి రాలేదు. రాసిన అలన్ మూర్ కంపెనీకి దూరమయ్యాడు. మనం ఇంత మెచ్చుకుంటున్న సంపుటి అనే వస్తువే ఆయన చేతులు కట్టేసింది. మనం ఇది ఎందుకు గుర్తుపెట్టుకోవాలో ఇప్పుడు చెప్తాం.

పోయిన శనివారం మేము ఊళ్లో ఉన్నాం. ఎనిమిదో తరగతి తమ్ముడొకడు ఎక్స్-మెన్ పుస్తకం పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. పక్కనే వాళ్ల తాత తుంగచాప అల్లుతున్నాడు. థండర్‌బర్డ్ బొమ్మ చూసి తాత అడిగాడు, "ఈడెవడురా ఈకలు పెట్టుకున్నాడు?" వాడు చెప్పాడు, అమెరికాలో మనలాంటోళ్లు తాతా అని. తాత అడిగిన రెండో ప్రశ్న, "ఏ గట్టువాడు?" ఇంతమంది చదివాం, ఆ ప్రశ్న మాకెవరికీ తట్టలేదు. వాడు నవ్వాడు గానీ తాత నవ్వలేదు. మనిషికి గట్టు లేకుండా, ఇలవేల్పు లేకుండా కథ ఎట్లా మొదలవుతుంది అన్నాడు. తర్వాత ఆయనే తమ గట్టు కథ ఎత్తుకున్నాడు. ఎక్కడి నుంచి వచ్చారు, ఏ వాగు దాటారు, ఎవరెవరు విడిపోయారు. గంటసేపు చెప్పి ఒకచోట ఆగిపోయాడు. "ఆ పైది నాకు సరిగ్గా రాదు. డోలీ వాళ్లు పడిగె పట్టుకుని చెప్తే తెలుస్తది" అన్నాడు.

పడిగె అంటే మన కోయ పిల్లలకు చెప్పక్కర్లేదు, మిగతా మిత్రుల కోసం చెప్తున్నాం. త్రికోణంగా పొడుగ్గా ఉండే గుడ్డ. దాని మీద వేల్పుల కథ, పూర్వీకుల కథ బొమ్మలుగా ఉంటుంది. కొలుపుల్లో డోలీ వాళ్లు ఆ బొమ్మల కథ పాడతారు. బొమ్మల్లో కథ చెప్పడం మనకు అమెరికా వాడు నేర్పలేదు. సమ్మక్క సారలమ్మ కథను కోయ డోలీ మీద పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన వెళ్లిపోయారు. అవార్డు వచ్చిన రోజు మనమందరం స్టేటస్ పెట్టుకున్నాం. ఆయన పాడినదాన్ని మొదటి నుంచి చివరిదాకా కూర్చుని విన్నవాళ్లు మన గ్రూపులో ఎంతమంది? మేమైతే వినలేదు. సిగ్గుతోనే రాస్తున్నాం. ఎక్స్-మెన్ పాతిక సంచికలు వరుసగా చదివిన మేము, మా గట్టు కథ మూడో ముక్క దగ్గర ఆగిపోయాం.

అందుకే ఈ సంపుటాలను చూసి మాకు కలిగింది మోజు ఒక్కటే కాదు, కొంచెం కడుపుమంట కూడా. పది సెంట్ల చెత్త కాగితం అనుకున్నదాన్ని ఎవరో ఏరి, వరుసలో పెట్టి, చినిగిన చోట మళ్లీ గీయించి, నంబరు వేసి నిలబెట్టారు. మన కథలకు ఆ పని ఎవరు చేస్తారు? ఎవరో రీసెర్చ్ చేసేవాళ్లు వచ్చి రికార్డు చేసుకుని పోతారు. పుస్తకం ఎక్కడ వచ్చిందో మనకు తెలియదు, చెప్పిన తాత పేరు లోపల ఉందో లేదో తెలియదు. సీగెల్, షుస్టర్ల 130 డాలర్లు అయినా రసీదు ఉంది. మన తాతలకు అదీ లేదు.

మనవాళ్లు మన పద్ధతిలో చేస్తే ఎలా ఉంటుందో ఇప్పటికే ఒక పుస్తకం చూపించింది. 2011లో వచ్చిన 'భీమాయన'. అంబేద్కర్ జీవితాన్ని బొమ్మల కథగా గీసింది ప్రధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్. మనుషుల్ని డబ్బాల్లో బంధించం అని కామిక్స్ గళ్లనే వద్దన్నారు. పేజీ అంతా తమ ముగ్గుల్లాంటి గీతలతో విడదీశారు. రైలు పాములా పాకుతుంది, మంచి మాటకు పిట్ట ఆకారంలో బుడగ, విషపు మాటకు తేలు కొండి. ఇది మన తర్వాతి కొనుగోళ్లలో ఉండాలని మా ప్రతిపాదన. ఈసారి ముందే అడుగుతున్నాం.

ఇక పని మాటలు. వచ్చే రెండు నెలలు వచ్చే డబ్బంతా పోటీ పరీక్షల పుస్తకాలకు, డిక్షనరీకి. అన్న చెప్పినట్టే, లిస్టు కూడా అన్ననే ఇమ్మంటున్నాం. ఆ తర్వాత ప్రతి వెయ్యిలో వంద రూపాయలు కథల పుస్తకాలకు పక్కన పెడదాం, అంతకు మించి వద్దు.

రెండోది, ఈ వేసవి సెలవులకు ఊరికి పోయే ప్రతి ఒక్కరూ ఒక 200 పేజీల నోటుబుక్కు తీసుకుపోండి. ఒక్క పెద్దమనిషి దగ్గర ఒక్క కథ, మొదటి నుంచి చివరిదాకా రాయండి. మన భాషలోనే, తెలుగు అక్షరాల్లో రాసినా సరే. గోండీ లిపి వచ్చినవాళ్లు అందులో రాస్తే ఇంకా మంచిది. సగంలో ఆగిపోతే ఎక్కడ ఆగిందో రాయండి, మిగతాది ఏ ఊళ్లో ఎవరికి వచ్చో అడిగి అది కూడా రాయండి. బొమ్మ గీయగలిగే పిల్లలు గీయండి. మొదటి పేజీలో చెప్పినవాళ్ల పేరు, ఊరు ఉండాలి, రాసినవాళ్ల పేరు తర్వాతే. ఇంకో ముఖ్యమైన మాట, అన్నీ రాయాల్సినవి కావు. వేల్పుల విషయాలు కొన్ని కొలుపులోనే చెప్పాలి, కొన్ని బయటివాళ్లు వినకూడదు. పెద్దలు వద్దంటే పెన్ను మూసేయండి, ఫోన్ రికార్డర్ కూడా ఆపేయండి. ఒప్పుకుంటేనే పుస్తకం.

అన్ని నోటుబుక్కులూ వచ్చాక జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయిద్దాం. పెద్ద అట్టలు, రంగుల అచ్చు ఏమీ అక్కర్లేదు. 'ఎసెన్షియల్' కూడా రంగుల్లేని చౌక కాగితమే కదా, అదే మమ్మల్ని ఇంత దూరం తెచ్చింది. నాలుగు కాపీలు చాలు. ఒకటి చదువుల గదిలో, ఒకటి కథలు చెప్పినవాళ్ల ఊళ్లో, రెండు మన హాస్టళ్లలో. వెన్ను మీద "1" అని రాద్దాం. ఎందుకంటే ఒకటి అని రాసి ఉంటే రెండు ఎక్కడ అని పిల్లలు అడుగుతారు. 'మిస్ మార్వెల్' విషయంలో ఇప్పుడు మమ్మల్ని రోజూ అదే అడుగుతున్నారు.

అన్నా, మీరు అడిగిన లెక్కకు మా జవాబు ఇది. తప్పుంటే మళ్లీ అడగండి, ఫోన్ చేసి తిట్టినా వింటాం.

చివరగా ఒక విన్నపం. 'సూపర్‌మ్యాన్ స్మాషెస్ ద క్లాన్' పదకొండు రోజులుగా ర్యాకులో లేదు. రిజిస్టరులో ఎవరి సంతకమూ లేదు. తీసుకున్నవాళ్లు ఎవరైనా సరే, మేము ఏమీ అనం. పూర్తిగా చదివాకే తెచ్చి పెట్టండి, సగంలో మాత్రం తేవద్దు.

జోహార్.